అర్థశాస్త్ర పఠనము: అసలు, వడ్డీ, ఊరు

(శ్రీకూర్మములోని యొక పఠనమందిరమున, డిగ్రీ తరగతులలో చేరబోవు విద్యార్థులను, వారి పెద్దలను ఉద్దేశించి ఒక న్యాయవాది గావించిన యుపన్యాసము.)

  

గ్రంథాలయోద్యమమున స్వచ్ఛందసేవకుడనై తిరుగు నాకు ఉపన్యాసములను వినుట యలవాటు గాని యిచ్చుట యలవాటు లేదు. న్యాయస్థానమున వాదించువాడు సభలో మాటలాడజాలడా యని మీరనవచ్చును. అచ్చట వినువారు జీతము పుచ్చుకొని విందురు. ఇచ్చట మీరు పనులు మానుకొని వచ్చితిరి. కావున మీ కాలమును వ్యర్థపరుపక సూటిగా విషయమునకు వచ్చెదను.

ఇటీవల ఈ యూరి పెద్ద యొకరు తమ కుమారుని వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చిరి. "వీనికి ఇంజనీరింగులో సీటు రాలేదు. బి.ఏ.లో చేరి అర్థశాస్త్రము చదివెదననుచున్నాడు. అది చదివి యేమి చేయును? మీరును అదియే చదివితిరట గదా, మీకేమి యక్కరకు వచ్చినది?" అని యడిగిరి. నేనప్పుడు సరియైన యుత్తరము చెప్పలేకపోతిని. ఈ యుపన్యాసమే నా యుత్తరము.

దాదాపు ఇరువదియైదేండ్ల క్రిందట నేను డిగ్రీలో అర్థశాస్త్రమును చదివితిని. చదివితిననుటకంటె వల్లించితిననుట నిజము. క్షీణప్రతిఫల సూత్రమును తడబడకుండ వ్రాయగలిగితిని. గిరాకీ రేఖ క్రిందికి వాలుననియు, సరఫరా రేఖ పైకి పోవుననియు, ఆ రెండును కలిసినచోట ధర నిలుచుననియు పటము గీచి మార్కులు సంపాదించితిని. కాని మా గాదెలోని ధాన్యము ఏ ధరకు పోయెనో, సంక్రాంతికి ముందే దానిని మా తండ్రిగారు ఏల యమ్మవలసివచ్చెనో ఒక్కనాడైనను అడిగి యెరుగను. పుస్తకమొక లోకము, ఊరొక లోకము అని తలచితిని. ఆ తలపునకు మూల్యము చెల్లించినవాడను నేను గాను, మరియొకడు.

వకీలువృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో ఒక వృద్ధరైతు నాయొద్దకు వచ్చెను. కుమార్తె వివాహమునకై అతడు రూ. 50,000 అప్పు తెచ్చి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు వ్రాసియిచ్చియుండెను. మూడేండ్లు దాటినచో నోటునకు కాలదోషము పట్టును గావున, గడువు సమీపింపగనే ఋణదాత దావా వేసెదనని తొందరపెట్టెను. నేను ఉభయులను కూర్చుండబెట్టి, వడ్డీని అసలులో కలిపి క్రొత్తనోటు వ్రాసికొనుడని సలహా చెప్పితిని. తగవు తీరినది. ఇద్దరును సంతసించిరి. నాకు ఫీజు ముట్టినది.

ఆ నాడు నేను వేయని లెక్కను నేడు మీ యెదుట వేసెదను. నూటికి నెలకు రెండు రూపాయలనగా సంవత్సరమునకు ఇరువదినాలుగు, మూడేండ్లకు డెబ్బదిరెండు. ఏబదివేలకు వడ్డీ రూ. 36,000, క్రొత్తనోటు రూ. 86,000. మరల మూడేండ్లకు దానిపై వడ్డీ రూ. 61,920, మొత్తము రూ. 1,47,920. ఇంకొక పర్యాయము తిరుగవ్రాసినచో తొమ్మిదవయేటి తుదకు రూ. 2,54,422. నోటులో నున్నది సాధారణవడ్డీయే. కాని తిరుగవ్రాసిన ప్రతిసారియు వడ్డీ అసలై కూర్చుండి మరల వడ్డీని పెట్టుచున్నది.

ఆరేండ్ల తుదిని ఆ వృద్ధుడు మరల నాయొద్దకు వచ్చెను. కోపగింపలేదు. నేలపై కూర్చుండి, "బాబూ, నాను తీసుకున్నది యాభై వేలే గదా? మిగతా సొమ్ము నానెప్పుడు తిన్నాను?" అని యడిగెను. నాయొద్ద ఉత్తరము లేదు. ఉన్న కొద్దిపాటి పొలమును అమ్మి యతడు ఋణము తీర్చుకొనెను.

ఇందులో దొంగకాగితము లేదు, దొంగసంతకము లేదు. ఋణదాతను తిట్టి ఊరకొనుట సులభము. కాని దానివలన మనకు తెలియునదేమియు లేదు. అర్థశాస్త్రము చదివినవాడు అడుగవలసిన ప్రశ్నలు వేరు. పొలము ఖర్చులు పోను నూటికి ఇరువదినాలుగు మిగుల్చు వ్యవసాయము ఈ మండలమున నెక్కడ గలదు? అంత మిగులనిచో ఈ వడ్డీ యెందులోనుండి చెల్లవలెను? పెండ్లికి బ్యాంకు పంటఋణమీయదు, అవసరము ఆగదు, ఈడు లేని ఋణమునకు ముంపుభయము హెచ్చు, ఊరిలో అప్పిచ్చువారు కొలదిమందియే. ఇవియన్నియు కలిసి వడ్డీని పెంచినవి. ఈ సంగతులు నా పాఠ్యపుస్తకమున నుండెను. ధర, కొరత, నష్టభయము, పోటీ అను పేర్లతో అచ్చైయుండెను. నేను వానిని పరీక్షాధికారికి చెప్పితిని గాని, నాయెదుట కూర్చున్న రైతునకు చెప్పలేకపోతిని.

మన శ్రీకూర్మనాథస్వామి యాలయమునకు మీరందరును పోవుచుందురు. నల్లరాతి స్తంభములపై చెక్కిన శాసనములను ఎందరు చదివితిరి? తూర్పుగాంగుల కాలమునుండి చెక్కిన ఈ శాసనములు నూటికి పైబడియున్నవి. వానిలో పెక్కు అఖండదీపములకొరకు చేసిన దానములే. దీపమునకు నేయి కావలెనని దాత కుండెడు నేయి యిచ్చి పోలేదు. ఆవులను ఇచ్చెను, లేదా మాడలను ఇచ్చెను. ఆవు నిలిచియుండవలెను, దాని నేయి వెలుగవలెను. అసలు చెడకుండ ఫలము మాత్రమే వినియోగపడవలెనన్న నియమమిది. మూలధనమునకును ఆదాయమునకును గల భేదమును మన పెద్దలు గుడిస్తంభముపై చెక్కి మనకిచ్చిరి. ఆ దీపమునకు ఎదురు ఈ నోటు. అక్కడ అసలు నిలిచి ఫలమునిచ్చెను. ఇక్కడ వడ్డీ పెరిగి అసలైన పొలమునే మ్రింగెను. అర్థశాస్త్రమున మొదటి పాఠమును ఈ యూరి విద్యార్థి యీ రెంటినుండియే నేర్వవచ్చును.

ఇది నేను క్రొత్తగా కల్పించిన మార్గము గాదు. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయమున భారతీయార్థశాస్త్రమునకు మొదటి ఆచార్యుడుగా గిల్బర్టు స్లేటరు అను ఆంగ్లేయుడు వచ్చెను. ఆయన తన శిష్యులకు ప్రశ్నావళు లిచ్చి, సెలవులలో వారి వారి గ్రామములకు పోయి విచారించి రండని పంపెను. భూమి యెవరిది, కౌలు ఎంత, కూలి ఎంత, అప్పు ఎంత, ఊరు విడిచిపోవువారెందరు అని ఆ విద్యార్థులు ఇంటింటికి తిరిగి వ్రాసికొని వచ్చిరి. ఆ నివేదికలు 1918లో గ్రంథరూపమున వెలువడినవి. తరువాతి యాచార్యులైన పి. జె. థామస్, కె. సి. రామకృష్ణన్ గార్లు ఆ గ్రామములనే మరల పరిశీలింపజేసి 1940లో రెండవ గ్రంథమును ప్రకటించిరి. ఒక తరములో గ్రామము ఎట్లు మారెనో తెలిసికొనుటకు నేటికిని పండితులు ఆ పుటలను తిరుగవేయుచున్నారు. దానికి పునాది వేసినవారు పేరుమోసిన పండితులు గారు. డిగ్రీ చదువుచున్న పిల్లలు.

ఇట్టి విచారణలు అలమారలలో పడియుండునని మీరనవచ్చును. ఎల్లప్పుడును అట్లు గాదు. 1930లో మద్రాసు రాష్ట్రపు బ్యాంకింగు విచారణసంఘము రైతుల ఋణభారమును సుమారు 150 కోట్ల రూపాయలుగా అంచనా వేసెను. ఆ వెంటనే ప్రపంచమంతటను ధరలు కూలినవి. ధాన్యపు ధర పడిపోయెను గాని నోటుమీది రూపాయి తగ్గలేదు. పూర్వము పది బస్తాలతో తీరు అప్పునకు ఇరువది బస్తాలైనను చాలని దినములు వచ్చెను. 1935లో సత్యనాథన్ గారి నివేదిక ఆ భారమును సుమారు 200 కోట్లుగా చూపెను. ఈ లెక్కల వెనుకనే 1938లో రాజాజీ మంత్రివర్గము రైతు ఋణవిమోచన చట్టమును తెచ్చెను. లెక్క ముందు నడిచెను. చట్టము దాని వెంట నడిచెను. అయితే, చట్టము అడిగినవానికే యక్కరకు వచ్చును. గడపలో కూర్చుండి తిరుగవ్రాసికొనిన నోటును న్యాయస్థానము చూడజాలదు. అక్కడ కావలసినవాడు లెక్క తెలిసిన పొరుగువాడు.

మన తెలుగువారిలో ఈ విద్యను ఊరితో ముడివేసినవారు లేకపోలేదు. నిడుబ్రోలు రైతుకుటుంబమున బుట్టిన ఎన్. జి. రంగాగారు ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రమును చదివి, 1926లో డెల్టాగ్రామముల ఆర్థికవ్యవస్థపై గ్రంథమును ప్రకటించి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులై, పిమ్మట రైతులలోనికి వచ్చిరి. 1926లో స్థాపితమైన ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు అంతకు పూర్వమే విజ్ఞానచంద్రికా మండలికై అర్థశాస్త్రమును తెలుగున వ్రాసిరి. ఈ శాస్త్రము తెలుగులో ఇమడదనువారికి ఆ గ్రంథమే సమాధానము. 1968లో తెలుగు అకాడమి యేర్పడి పాఠ్యగ్రంథములను ప్రకటించినది. కావున భాష అడ్డమను మాటకు బలము లేదు.

ఇక మరియొక ప్రక్కకు ఒరుగవలదని హెచ్చరించెదను. "సిద్ధాంతమేల? ఊరిలో తిరిగిన చాలును" అనువారు గలరు. అది పొరపాటు. సిద్ధాంతము లేక ఊరిలో తిరుగువానికి కనబడునవి కష్టములే గాని కారణములు కనబడవు. 2025-26 ఖరీఫు ధాన్యమునకు కేంద్రప్రభుత్వము సామాన్యరకమునకు క్వింటాలుకు రూ. 2,369 కనీసపు మద్దతుధరగా ప్రకటించెను. ఆ ధర కళ్లములో ఎందరికి దక్కెనో అడిగి తెలిసికొనుట ఊరిపని. దక్కనిచో తేమవలననా, రవాణావలననా, అప్పిచ్చినవానికే అమ్మవలసినందుననా అని వేరుపరచి చూచుట శాస్త్రపుపని. రెండును కలిసిననే విద్య.

మన సముద్రతీరమును చూడుడు. శ్రీకాకుళము జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల తీరము గలదు. అయినను మన మత్స్యకారులు గుజరాతుకు పోయి పరుల మరపడవలపై కూలికి వేటాడుచున్నారు. 2018 నవంబరులో అట్లు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాను చేత చిక్కి, 2020 జనవరిలో గాని విడుదల గాలేదు. వారి యిండ్లలో ఆ పదునాలుగు నెలలు ఎట్లు గడచెనో ఈ తీరమునకు తెలియును. సముద్రము ఇక్కడనే యుండగా వలస యేల? మరపడవలు నిలుచుటకు రేవులు చాలవు. రేవు లేనిచోటికి పెట్టుబడి రాదు. పెట్టుబడి యున్నచోటికి శ్రమ తరలిపోవును. మూడు వాక్యములలో చెప్పితిని. ఒక విద్యార్థి దీనిని పల్లెపల్లెకు తిరిగి మూడువందల వాక్యములలో వ్రాసినచో, రేవు కావలెనని యడుగుటకు మనకు ఆధారపత్రమగును.

మన రాష్ట్రమున 2023లో డిగ్రీ చదువునకు ఒకే ప్రధానవిషయ పద్ధతి ప్రవేశపెట్టబడెను. పూర్వము చరిత్ర, రాజనీతులతో కలిసి మూడింట నొకటిగా నుండిన అర్థశాస్త్రమును అప్పుడు విద్యార్థి తానై కోరుకొనవలసివచ్చెను. పద్ధతులు మారుచుండును, కాని కోరి చదువుటకును, వేరొకటి దొరకక చదువుటకును గల భేదము మారదు. వేరు దారి లేక ఇందులో చేరువారిని నేను నిందింపను. నేనును అట్లే చేరితిని. చేరిన పిమ్మట దానిని మిగిలిపోయిన విద్యగా చూడవలదని మాత్రమే నా ప్రార్థన. బ్యాంకు పరీక్షలు వ్రాయుడు, ఉద్యోగములు సంపాదింపుడు. అందు తప్పేమియు లేదు. 1916 డిసెంబరులో గాంధీజీ అలహాబాదు మ్యూర్ కళాశాలలోని అర్థశాస్త్ర విద్యార్థుల సంఘమున మాటలాడుచు, ధనవృద్ధియే మనుష్యుని నిజమైన యభివృద్ధి యగునా యన్న ప్రశ్నను వారియెదుట పెట్టెను. ఆ ప్రశ్న నేటి విద్యార్థి బల్లమీదను ఉండదగినదే.

ఈ సభ ముగిసిన వెంటనే చేయదగిన పని యొకటి చెప్పెదను. ఈ పఠనమందిరమున ఒక లెక్కలపుస్తకము నుంచుదము. వారమునకొకసారి ధాన్యము, బియ్యము, చేపలు, ఎరువులు, కూలి, వడ్డీ, వీని ధరలను డిగ్రీ విద్యార్థులు విచారించి అందులో తేదీతో వ్రాయవలెను. పేరులు వ్రాయనక్కరలేదు, ఒకరి అప్పు మరియొకరికి కథ కారాదు. ఏడాది తిరుగునప్పటికి అది ఈ యూరి అర్థశాస్త్రమగును. కళాశాలలో ఆచార్యులు గీయు రేఖలను ఆ పుటలపై పెట్టి చూడుడు. సరిపోయినచోట శాస్త్రము బోధపడును. సరిపోనిచోట క్రొత్త ప్రశ్న పుట్టును. నోటు తిరుగవ్రాయబోవు రైతు ఎవరైనను వచ్చినచో, నేను వేయని లెక్కను అక్కడనే వేసి చూపుడు. దానికి ఫీజు లేదు.

నాయొద్దకు వచ్చిన పెద్దగారు ఈ సభలోనే యున్నారు. అయ్యా! అర్థశాస్త్రము నాకేమి యక్కరకు వచ్చినదని యడిగితిరి. రావలసిననాడు రాలేదు, అది నా లోపము, శాస్త్రలోపము గాదు. మీ కుమారుని చదువనిండు. ఆ వృద్ధరైతు వేసిన ప్రశ్న ఇంకను నా గదిలో నేలపై కూర్చుండియున్నది. దానికి ఉత్తరము చెప్పగలవాడు ఈ యూరినుండి బయలుదేరినచో నాకంతకన్న కావలసినది లేదని విన్నవించి విరమించుచున్నాను.