గోడల ఫోటోలు, పేర్లు లేని మనుషులు

(ఇబ్రహీంపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీల పాత భవనాల ఫోటోల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. భూమి, కూలి, ఇంట్లో హింస వంటి సమస్యలు ఇన్ని ఉండగా ఈ ఫోటోలు మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. నా దృష్టిలో ఫోటో కూడా ఒక దస్తావేజే. కాగితంలో పేరు లేనివాళ్లకు భూమి ఎలా దక్కదో, ఫోటోలో చోటు లేనివాళ్లకు చరిత్రలో చోటు అలాగే దక్కడం లేదు.

అందరికీ తెలిసిన కోఠీ మహిళా కళాశాలనే తీసుకుందాం. 1803 ప్రాంతంలో బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కోసం నిజాం ఖర్చుతో కట్టడం మొదలుపెట్టిన భవనం అది. ఎత్తయిన స్తంభాలు, వెడల్పయిన మెట్లు, వాటికి అటూ ఇటూ సింహాలు. పాత ఫోటోల్లో ఎప్పుడూ కనిపించేది ఈ ముందుభాగమే. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా వెనకవైపు రంగమహల్‌లో ఉండేది. ఆమెది పరదా. ముందుకొచ్చి భవనాన్ని చూసే వీలు లేదు కనుక, దాని చిన్న నమూనాను ఆమె తోటలోనే కట్టించారని చెబుతారు. 1860లో అప్పటి రెసిడెంటు రంగమహల్‌ను కూల్చివేయించాడు. ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1880లలో హైదరాబాదుకు వచ్చేనాటికి ఆ ఇల్లు లేదు. అధికారం నడిచిన గదులు ఫోటోకెక్కాయి. స్త్రీలు బతికిన గదులు నేలమట్టమయ్యాయి.

1892లో దీన్‌దయాళ్ హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. పరదా స్త్రీల ఫోటోలు తీయడానికి కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళను నియమించాడు. అయితే ఆ గడప తొక్కగలిగింది కలిగిన ఇళ్ల స్త్రీలే. రాళ్లు మోసిన స్త్రీకి పరదా లేదు, ఫోటో కూడా లేదు.

1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ రెసిడెన్సీలోకి మారింది. రెసిడెంటు దర్బారు చేసిన హాలు ఆడపిల్లల చదువుకు దక్కింది. ఇది చిన్న మార్పు కాదు. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది. ఆ తర్వాత దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటనూ భూమినీ కాపాడుకున్న పాలకుర్తి ఐలమ్మ 1985లో చనిపోయింది. బోర్డు మీద ఆమె పేరు చూస్తే సంతోషమే. కానీ ఆమెలాంటి వేలమంది పేర్లు ఎక్కడున్నాయి? ఫోటోలు లేనిచోట మనుషులను అడగాలని స్త్రీశక్తి సంఘటన మనకు చూపించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. సుల్తాను పేరు ఊరికి నిలిచింది, మట్టి మోసినవాళ్ల పేర్లు నిలవలేదు. 1980లలో గీతా రామస్వామితో కలిసి ఇక్కడి దళిత కూలీలు తాలూకా వ్యవసాయ కూలీ సంఘం పెట్టుకున్నారు. వెట్టి మీద, కూలి రేట్ల మీద, భూమి కోసం కొట్లాడారు. 2001 ప్రాంతం నుంచి మంగల్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్ వైపు ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. పొలాలుండేచోట హాస్టళ్లు, బస్సులు, ప్లాట్ల రాళ్లు వచ్చాయి. మన పిల్లలు చదువుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ యాభై ఏళ్ల తర్వాత ఈ భవనాల ఫోటోలు చూసేవాళ్లకు అంతకు ముందు అక్కడ ఎవరు నాట్లు వేశారో తెలియాలి.

అందుకు మనం చేయగలిగినవి మూడున్నాయి. ఒకటి, ప్రతి ఊళ్లో ముసలమ్మల దగ్గర కూర్చుని, ఏ భవనం ఉన్నచోట ఇదివరకు ఏ చెలక, ఏ కుంట, ఏ బాట ఉండేదో వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. పేరు రాయవచ్చా అని ముందుగా వాళ్లనే అడగాలి. రెండు, ఇళ్లల్లో పెట్టెల అడుగున ఉన్న ఫోటోల వెనక పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం రాయాలి. మూడు, పాత పహాణీల నకళ్లు, కౌలు కాగితాలు, పట్టాలు వాటితోపాటే భద్రపరచాలి. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుగా కుటుంబం పేరు నమోదై ఉండవచ్చు. భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూములు అన్యాక్రాంతం కాకుండా 1977 చట్టం ఉంది. కాగితం చేతిలో లేకపోతే ఈ చట్టాలను అడిగే దారి మూసుకుపోతుంది. ముసలమ్మ చెప్పిన గుర్తుకు పహాణీలోని సర్వే నంబరు తోడైతే అది కథగా మిగలదు, సాక్ష్యమవుతుంది.

ఈ పనికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, ఓపిక చాలు. వచ్చే సమావేశానికి ఒక్కొక్కరు కనీసం ఒక ముసలమ్మ మాటలైనా రాసుకుని రావాలని కోరుతున్నాను.