ఐదో స్క్రిప్ట్ మర్చిపోయా!

మియాపూర్‌లో మన రూమ్ నుంచే ఈ ఎపిసోడ్ కూడా.

జాబ్‌లో చేరిన కొత్తలో, డిస్క్ ఎంత నిండిందో చూసే నాలుగు లైన్ల కోడ్‌ని ఐదు స్క్రిప్టుల్లో కాపీ పేస్ట్ చేశా. తర్వాత అలర్ట్ హద్దు 95 శాతం నుంచి 80కి తగ్గించా. నాలుగింట్లోనే! ఓ రాత్రి ఆ ఐదోదాని అలర్ట్ చూసి నేను లేచేలోపే డిస్క్ నిండిపోయింది, డేటాబేస్ ఆగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

అందుకే, రెండోసారి కాపీ చేస్తున్నారంటే దాన్ని ఫంక్షన్ చేసెయ్యండి. పైథాన్ 3.3 నుంచి డిస్క్ యూసేజ్ ఫంక్షన్ రెడీగా ఉంది. మొత్తం, వాడింది, ఖాళీ మూడూ బైట్లలో ఇస్తుంది. వాడినదాన్ని మొత్తంతో భాగించి 100తో గుణిస్తే శాతం. మీ ఫంక్షన్ దాన్ని ప్రింట్ చెయ్యకుండా రిటర్న్ చెయ్యాలి, అప్పుడే ఏ స్క్రిప్టుకైనా పనికొస్తుంది. హద్దు కూడా అదే ఫైల్లో, ఒక్కచోటే పెట్టండి.

ఈ రోజే మీ స్క్రిప్టులు ఓసారి తెరిచి చూడండి. ఉంటా మరి!