ల్యాప్‌టాప్ ఇంటర్‌నెట్‌ను డెస్క్‌టాప్ కంప్యూటరుకు పంచుకొనుట
(రైతు శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగము)



కాలువ ప్రతి మడినీ తాకదు. పై మడి తాను తడిసి, గట్టున పెట్టిన గండి ద్వారా దిగువ మడికి నీరు వదలును. ఇది మీకు తెలిసిన పద్ధతియే. ఒక ల్యాప్‌టాప్‌కు వైఫై ద్వారా అందు ఇంటర్‌నెట్‌ను, వైఫై లేని డెస్క్‌టాప్ కంప్యూటరుకు తీగ ద్వారా అందించుట కూడ ఇట్టిదే. దానిని గురించి ఈ దినము కొంత మనవి చేయుదును.

దీని అవసరమేమి?

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు 63,000 వరకు కంప్యూటరీకరణ చేయుటకు కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న ఆమోదించినది. సంఘపు లెక్కలు, సభ్యుల అప్పులు ఇప్పుడు కంప్యూటరులోనికి చేరుచున్నవి. అయితే ఇంటర్‌నెట్ అందని కంప్యూటరు నీరు లేని మోటారు వంటిది. పంటల బీమా గడువు దగ్గర పడినప్పుడు సభ్యులు ఉదయము నుండి సాయంత్రము వరకు వరుసలో నిలువవలసి వచ్చును.

వాతావరణ శాఖవారి వ్యవసాయ సలహాలు మంగళ, శుక్రవారములందు వెలువడును. రెండు దినములలో భారీ వర్షమున్నదని శుక్రవారమునాడే తెలిసినచో, యూరియా పైపాటుగా వేయుటను ఆపుకొనవచ్చును. ఆ సలహాను సోమవారము చూచినచో, వేసిన ఎరువు వాననీటితో కొట్టుకొనిపోయిన పిదప చూచినట్లగును.

డెస్క్‌టాప్ లోపలి గదిలో ఉండి, మందపు గోడల వలన వైఫై అందనిచో, కిటికీ వద్ద ల్యాప్‌టాప్ నుంచి లోపలికి తీగ లాగుట మేలు.

కావలసిన వస్తువులు

ఈథర్‌నెట్ తీగ ఒకటి చాలును. క్యాట్ 5ఈ రకము 100 మీటర్ల వరకు పని చేయును. పూర్వము రెండు కంప్యూటర్లను నేరుగా కలుపుటకు క్రాస్‌ఓవర్ తీగ కావలసి యుండెడిది. ఇప్పటి యంత్రములకు సాధారణ తీగయే సరిపోవును. ల్యాప్‌టాప్‌కు ఈ తీగ పెట్టు రంధ్రము లేనిచో, యూఎస్‌బీకి తగిలించు చిన్న అడాప్టరును కొనవలెను.

చేయు విధానము

విండోస్ గల యంత్రములకు ఈ క్రింది వరుస పాటించవలెను.

1. తీగను రెండు యంత్రములకు తగిలించి, ల్యాప్‌టాప్‌ను వైఫైకి కలుపవలెను. ల్యాప్‌టాప్‌లో అడ్మినిస్ట్రేటర్ హక్కు ఉండవలెను.

2. ల్యాప్‌టాప్ కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ తెరచి, చేంజ్ అడాప్టర్ సెట్టింగ్స్ నొక్కవలెను. వైఫై, ఈథర్‌నెట్ అను రెండు బొమ్మలు కనబడును.

3. వైఫై బొమ్మపై మౌస్ కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో షేరింగ్ అను భాగమునకు పోవలెను. ఇతరులను ఈ ఇంటర్‌నెట్ వాడుకొననిచ్చు మొదటి గడిలో గుర్తు పెట్టవలెను. ఏ కనెక్షనుకు అని అడిగినచో ఈథర్‌నెట్‌ను ఎన్నుకొనవలెను. కొందరు ఈ గుర్తును ఈథర్‌నెట్ బొమ్మకు పెట్టుచున్నారు. అది తప్పు. నీరు ఏ వైపున వచ్చుచున్నదో ఆ వైపుననే గండి పెట్టవలెను గదా!

4. డెస్క్‌టాప్‌లో ఐపీ అడ్రసు తనంతట వచ్చునట్లు ఉంచవలెను. ల్యాప్‌టాప్ తన ఈథర్‌నెట్‌కు 192.168.137.1 అను అడ్రసు తీసుకొని, డెస్క్‌టాప్‌నకు అదే వరుసలో మరియొకటి ఇచ్చును.

లోపములు – నివారణ

డెస్క్‌టాప్‌లో 169.254తో మొదలగు అడ్రసు కనబడినచో, ల్యాప్‌టాప్ నుంచి అడ్రసు అందలేదని గ్రహించవలెను. తీగ గట్టిగా కూర్చున్నదా చూచి, షేరింగ్ గడిలోని గుర్తును తీసి మరల పెట్టవలెను. ల్యాప్‌టాప్‌ను ఆపి మరల తెరచిన పిదప ఇంటర్‌నెట్ ఆగినను ఇట్లే చేయవలెను.

పై మడి గండి మూసినచో దిగువ మడి ఎండును. అట్లే ల్యాప్‌టాప్ నిద్రలోనికి పోయినచో డెస్క్‌టాప్ పని నిలుచును. కనుక దానిని కరెంటుకు తగిలించి, మూత మూసినను నిద్రపోకుండునట్లు పవర్ సెట్టింగులలో మార్చుకొనవలెను.

జాగ్రత్తలు

పంచుకొన్నంత మాత్రమున నీరు పెరుగదు. మీ పథకము దినమునకు 1.5 జీబీ అయినచో రెండు యంత్రములును అందులోనే సర్దుకొనవలెను. డెస్క్‌టాప్ తనంతట తాను అప్‌డేట్లు దింపుకొని ఆ డేటా నంతయు త్రాగివేయవచ్చును. అందుచే డెస్క్‌టాప్‌లోని ఈథర్‌నెట్ కనెక్షనును మీటర్డ్ కనెక్షన్‌గా గుర్తించి, తీరిక వేళ డేటా ఉన్నప్పుడు అప్‌డేట్లు చేయవలెను. అప్‌డేట్లను బొత్తిగా మానరాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్‌వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. సభ్యుల ఆధార్, బ్యాంకు వివరములుండు యంత్రమున పాత విండోస్ నడుపుట క్షేమము కాదు.

ఉరుములు, మెరుపులు మొదలగుటకు ముందే తీగను రెండు చివరల ఊడదీయవలెను. ఆరుబయట ఒక భవనము నుంచి మరియొక భవనమునకు ఈ తీగను లాగరాదు. సంఘపు కంప్యూటరు సెట్టింగులు మార్చుటకు ముందు బాధ్యతగల అధికారి అనుమతి పొందవలెను. పొరుగువారి వైఫైని వారి అనుమతి లేక వాడరాదు.

డెస్క్‌టాప్ ఉన్న చోటనే వైఫై బాగుగా అందుచున్నచో ఈ శ్రమ అవసరము లేదు. కొన్ని వందల రూపాయలకు దొరకు యూఎస్‌బీ వైఫై అడాప్టరు చాలును. ఒక పూట అవసరమునకు మొబైల్ ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ చేసికొనవచ్చును. ప్రతి దినము ఇద్దరు పని చేయు కార్యాలయమునకు మాత్రము, ల్యాప్‌టాప్ అవసరము లేకుండ రెంటికిని ఇంటర్‌నెట్ ఇచ్చు రూటరే స్థిరమైన ఏర్పాటు.

సీజను రద్దీ రాకముందే, పని తక్కువగా ఉన్న ఒక దినమున ఈ ఏర్పాటును పరీక్షించి చూచుకొనుడు. గడువు ముందు రోజున నేర్చుకొనబోయినచో సభ్యుల పని చెడును. ఈ పద్ధతిని మీ గ్రామములో నలుగురికి తెలుపగలరని కోరుచు, సెలవు తీసుకొనుచున్నాను.