యూజర్ స్టోరీ ఎవరి నోటి మాట?

ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏ ఆచార్యుల పేరిట ఏర్పాటైందో, ఆయన పాండిత్యం గురించి శిష్యులతో నిండిన ఈ సభలో వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుచేసుకోవాలి. విద్యార్థి ప్రాజెక్టు రిపోర్టులో ‘వాడేవారు: యాజమాన్యం’ అన్న వరుస కనిపిస్తే ఆయన తక్కిన పేజీలు తిప్పేవారు కాదు. రిపోర్టును బల్ల చివరకు జరిపి టీకి లేచేవారు. వెంట రమ్మని పిలిస్తే ఆ విద్యార్థి మీద ఆశ ఉన్నట్టు. పిలవకపోతే మర్నాడు మళ్లీ రావాలి. ఆయన పేరిట మాట్లాడే అవకాశాన్ని ఈ వక్త కృతజ్ఞతతో స్వీకరిస్తూ, ఏళ్ల తరబడి నడుస్తున్న ఒక తగాదాను ఈ వేదిక మీదికి తెస్తున్నాడు.

అజైల్ పుట్టుక అందరికీ తెలిసినదే. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో 17 మంది సమావేశమై ప్రకటన రాశారు. స్ప్రింట్లు, డెమోలు, ఉదయపు స్టాండప్‌లు హైదరాబాదు కంపెనీల్లో ఇప్పుడు రోజువారీ వ్యవహారం. వాటితో పేచీ లేదు. పేచీ అంతా ఒక్క చోటే: టీము పక్కన కూర్చుని రిక్వైర్‌మెంట్లు చెప్పే మనిషి ఎవరు? ఆ మనిషిని యూజరుగా లెక్కించవచ్చా?

లెక్కించవచ్చని మొదట గట్టిగా చెప్పింది ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్. ఆ పద్ధతి రూపుదిద్దుకున్నది క్రిస్లర్ కంపెనీ జీతాల ప్రాజెక్టు ‘సీ3’లో. 1996లో కెంట్ బెక్ చేరారు, ఆయన రాన్ జెఫ్రీస్‌ను తీసుకొచ్చారు. 1997లో సుమారు 10,000 మంది ఉద్యోగుల జీతాలు కొత్త వ్యవస్థ నుంచి వచ్చాయి. చేరవలసిన సంఖ్య 87,000. అక్కడికి చేరకుండానే 2000 ఫిబ్రవరిలో ప్రాజెక్టు ఆగిపోయింది.

ఎందుకు ఆగిందన్నదే అసలు వివాదం. 2003లో మాట్ స్టీఫెన్స్, డగ్ రోజెన్‌బర్గ్ ఈ పద్ధతి మీద ఒక పుస్తకమంతా విమర్శ రాసి, సీ3ని ముఖ్య సాక్ష్యంగా నిలబెట్టారు. కస్టమర్ ప్రతినిధి ఒత్తిడికి అలసి వైదొలగడం, ఆ స్థానం మళ్లీ సరిగా నిండకపోవడం విమర్శకులు ఎత్తిచూపిన లోపాల్లో ముఖ్యమైనది. సమర్థించేవారి జవాబు వేరు: కోడ్ బాగుంది, టెస్టులు బాగున్నాయి, డబ్బు పెట్టే మేనేజర్ల ఆలోచన ఒకటి, టీముతో కూర్చున్న ప్రతినిధి ఆలోచన మరొకటి కావడం వల్ల ప్రాజెక్టు దెబ్బతింది, పద్ధతి తప్పు కాదు.

ఈ వక్త ఒప్పుకోనిది ఈ జవాబునే. ఎవరి మాట వినాలో తేల్చడం పద్ధతికి బయటి విషయం అనుకుంటేనే ఆ సమర్థన నిలుస్తుంది. రిక్వైర్‌మెంట్ల సేకరణలో సగం పని అదే. డబ్బు పెట్టేవారు, కోరిక చెప్పేవారు, చివరికి ఆ తెర ముందు కూర్చునేవారు ముగ్గురూ వేర్వేరు మనుషులైనప్పుడు, ముగ్గురికీ కలిపి ఒక్క కుర్చీ వేసింది ఆ పద్ధతే కదా! ఏంజెలా మార్టిన్, రాబర్ట్ బిడిల్, జేమ్స్ నోబుల్ 2004లో ప్రచురించిన మూడు అధ్యయనాల సారం కూడా ఇదే దారి చూపుతుంది: ఫలితాలు చాలా బాగున్నాయి, కానీ కస్టమర్ పాత్ర మోసే మనిషికి ఆ భారం ఎక్కువ కాలం మోయతరం కాదు. అదే ఏడాది బెక్ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ మీద తన పుస్తకం రెండో కూర్పులో, టీముతోనే కూర్చునే ఆన్‌సైట్ కస్టమర్ అనే నియమాన్ని మార్చి, అసలు కస్టమర్లనే పనిలో కలుపుకోవాలని రాశారు. నిజాయితీ గల సవరణ అది. బాధేమిటంటే, పరిశ్రమ ఆ సవరణను చదవలేదు. స్క్రమ్ మార్గదర్శిక ప్రొడక్ట్ ఓనర్ ఒక్క మనిషే, కమిటీ కాదు అంటుంది. మన ఊళ్లో ఆ ఓనర్ అమెరికాలో ఉంటారు కనుక, ఇక్కడ ప్రాక్సీ ఓనర్ పుట్టుకొచ్చారు.

నిర్ణయం ఒక్కరి చేతిలో లేకపోతే పని నడవదని మిత్రులు అంటారు. నిజమే. అయితే నిర్ణయించే అధికారం ఒక్కరికి అప్పగించగలం గానీ, పనిచేసేచోటి అనుభవాన్ని ఒక్కరిలో పోగుచేయలేం. ఆ అనుభవాన్ని అందుకోవడానికే అలన్ కూపర్ 1999 నాటి పుస్తకంలో పర్సోనాలను, అంటే వాడుకరుల నమూనా పాత్రలను, ముందుకు తెచ్చారు. కోడ్‌కు ముందే వాడుకరులను అధ్యయనం చేయాలని ఆయన, ముందస్తు దశ వద్దని బెక్ 2002లో ఎదురెదురుగా వాదించుకున్నారు. ఆ వాదనలో ఇద్దరికీ బలముంది. అయితే కూపర్ యూజరు కాగితం మీద, బెక్ యూజరు కుర్చీలో ఒంటరిగా మిగిలారు.

2001లో లండన్ కంపెనీ కనెక్స్‌ట్రాలో మొదలైన స్టోరీ అచ్చు ఇప్పుడు అందరి నోటా ఉంది: ఫలానా పాత్రలో ఉన్న నాకు ఫలానాది కావాలి, ఫలానా ప్రయోజనం కోసం. చూడ్డానికి ఇది యూజరు గొంతే. దీన్ని ఉపాధి హామీ హాజరు యాప్‌కు పెట్టి చూడండి. 2021 మేలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఎన్‌ఎంఎంఎస్ యాప్ తెచ్చింది. 2023 జనవరి నుంచి దాదాపు అన్ని పని ప్రదేశాల్లో తప్పనిసరి చేసింది. పని ప్రదేశంలో హాజరు చూసే మేట్ రోజుకు రెండు ఫొటోలు, స్థలం గుర్తుతో సహా ఎక్కించాలని నియమం పెట్టింది. కార్డు రాస్తే ఇలా ఉంటుంది: మేట్‌గా నేను రెండు ఫొటోలు తీయాలి, హాజరు నమోదు కావడం కోసం. ఇది మేట్ కోరికా? నిఘా పెట్టాలన్నది పై ఆఫీసు అవసరం; దాన్ని మేట్ నోట పలికించారు. కొలతను బట్టి కూలి వచ్చే పనిలో, ఎండ ముదరకముందే కొలత పూర్తిచేసిన మనిషి రెండో ఫొటో కోసం ఎందుకు ఆగాలి? సిగ్నల్ లేని చెరువుగట్టు మీద ఫొటో ఎక్కకపోతే నష్టపోయే కూలి ఎవరిది? 2023 ఫిబ్రవరిలో కూలీలు జంతర్‌మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నప్పుడు చెప్పినవి ఈ రిక్వైర్‌మెంట్లే. 2025 జులైలో అదే శాఖ, ఫొటోకి ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, పనితో సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని రాష్ట్రాలకు రాసింది. నిఘా కోసం కట్టింది నిఘాకే పనికిరాకుండా పోతోందన్నమాట!

వాడేవారిని కలుపుకుంటే ఆలస్యమవుతుందన్న భయానికి స్కాండినేవియా ఎప్పుడో జవాబిచ్చింది. 1970ల తొలి ఏళ్లలో క్రిస్టెన్ నైగార్డ్ నార్వే లోహ కార్మిక సంఘంతో కలిసి పనిచేశారు. 1981లో మొదలైన యుటోపియా ప్రాజెక్టులో అచ్చు కార్మికులు అట్టపెట్టెలతో యంత్రాల నమూనాలు చేసి, వాటి ముందు తమ పని నడిపి చూశారు. అట్టపెట్టెకు ఖర్చెంత?

మనకు అంతకన్నా దగ్గరి మాదిరి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీకి ప్రత్యేక సొసైటీ పెట్టింది. రికార్డులు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అడగడం, గ్రామసభలో చదవడం, మండలంలో ప్రజావేదిక దగ్గర అధికారుల ఎదుటే తేల్చడం దాని పద్ధతి. జరిగిన పనికి చేసే ఈ తనిఖీని, జరగబోయే పనికి, అంటే బ్యాక్‌లాగ్‌కు ఎందుకు చేయకూడదన్నదే ఈ వక్త ఇప్పుడు విద్యార్థులతో కలిసి రాస్తున్న తెలుగు కైపిడి విషయం. అందులో ప్రతి స్టోరీ కార్డుకూ మూడు గడులు అదనంగా చేర్చారు: ఇది ఎవరు చెప్పారు, ఎవరి ముందు చదివారు, కాదన్నవారెవరు. మొదటి రెండింటికీ చిత్తుప్రతి సిద్ధమైంది. మూడో గడి దగ్గర చర్చ ఆగింది. కాదన్న మాటను ఎన్ని స్ప్రింట్లపాటు అట్టిపెట్టాలి, కొట్టేసే హక్కు ప్రొడక్ట్ ఓనర్‌కు ఉండాలా? ఉండకూడదని, కాదన్న మనుషుల ముందే మళ్లీ చదివాకే కొట్టేయాలని ఈ వక్త పట్టుబడుతున్నాడు. విద్యార్థుల్లో సగం మంది ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే నెల ఆ గడి మీదే వాళ్లతో కూర్చోవాలి.