'అట' అనే మాట



ఊళ్లో ఎవరైనా ఉన్నట్టుండి చనిపోతే ఏం జరుగుతుంది? పాడె దింపుడు కళ్లం దాటకముందే మాటలు మొదలవుతాయి. "మందు తాగాడట." "ఎవరో చంపారట." "ఆమెతో ఏదో ఉందట." సరే, ఎవరు చూశారు అని అడగండి. ఎవరూ చూడలేదు. అందరూ విన్నవాళ్లే!

ఈ 'అట' అనే చిన్న మాట ఎంత దూరం పోతుందో, ఎవరి కొంప ముంచుతుందో చెప్పే సంగతి ఒకటి ఉంది. ఇది కట్టుకథ కాదు. నిజంగా జరిగింది.

ఇది జరిగిన చోటు ఆస్ట్రేలియా. ఆ దేశం మనకు ఆగ్నేయంగా, సముద్రం అవతల చాలా దూరంలో ఉంది. దాని దక్షిణ తీరంలో అడిలైడ్ అనే పట్నం ఉంది. ఆ పట్నాన్ని ఆనుకునే సోమర్టన్ సముద్ర తీరం.

1948 డిసెంబరు 1. అప్పుడే తెల్లవారింది. ఇసుకలో ఒక మనిషి గోడకు తల ఆనించి ఉన్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే ప్రాణం లేదు. ముందు రోజు సాయంత్రం ఆయన్ని అక్కడే కొందరు చూశారు. చెయ్యి కదలడం కూడా చూశారు. తాగి పడుకున్నాడేమో అనుకుని వెళ్లిపోయారు.

పోలీసులు జేబులు వెతికారు. రైలు టికెట్టు, బస్సు టికెట్టు, దువ్వెన, సిగరెట్లు దొరికాయి. డబ్బు సంచీ లేదు. పేరున్న కాగితం ఒక్కటీ లేదు. బట్టలకు కుట్టి ఉండే గుర్తు చీటీలు కూడా లేవు. ఒంటిమీద చావుకు కారణమయ్యే గాయం లేదు. విషం అయి ఉంటుందని డాక్టర్లు అనుమానించారు. పరీక్ష చేస్తే ఏ విషమూ బయటపడలేదు.

వేలిముద్రలు తీసి ఇతర దేశాలకు కూడా పంపారు. ఆ వేలిముద్రలు ఎవరివో ఎవరూ చెప్పలేకపోయారు.

1949 జనవరిలో అడిలైడ్ రైల్వే స్టేషనులో ఒక పెట్టె దొరికింది. అది ఆయనదే అనుకున్నారు. కొన్ని బట్టల మీద 'కీన్' అనే పేరు ఉంది. ఆ పేరుతో తప్పిపోయిన మనిషి మాత్రం దొరకలేదు.

ఆ తర్వాత ఆయన బట్టల్లోని ఒక చిన్న లోపలి జేబులో చుట్టిన కాగితం ముక్క కనిపించింది. దాని మీద రెండే పారశీక మాటలు అచ్చయి ఉన్నాయి. 'అయిపోయింది' అని వాటి అర్థం. అది ఉమర్ ఖయ్యాం పద్యాల పుస్తకంలోంచి చింపిన ముక్క. ఆ కవి పద్యాలనే మన దువ్వూరి రామిరెడ్డి గారు 'పానశాల' పేరుతో తెలుగులోకి తెచ్చారు. చింపిన పుస్తకం కూడా దొరికింది. దాని వెనక అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలు కొన్ని వరసలుగా ఉన్నాయి. ఒక ఫోన్ నంబరు కూడా ఉంది. అది ఆ తీరానికి దగ్గర్లో ఉండే ఒక నర్సుది. పోలీసులు అడిగితే, ఆ మనిషెవరో తనకు తెలియదని ఆమె చెప్పింది.

ఇంకేముంది? 'అట'కు కాళ్లొచ్చాయి. ఆయన గూఢచారి అట. ఆ అక్షరాలు శత్రుదేశపు రహస్య సంకేతాలట. నర్సు ఆయన ప్రియురాలట. కాదు, ఆమె కూడా గూఢచారేనట. ఆమె కొడుకు చెవులు చనిపోయిన మనిషి చెవుల్లా ఉన్నాయట, కాబట్టి ఆ పిల్లవాడు ఆయన కొడుకేనట! ఏ నేరమూ రుజువు కాని ఒక ఆడమనిషి గురించి లోకమంతా ఇలా మాట్లాడింది. పుస్తకాలు రాశారు. కంప్యూటర్లు వచ్చాక దేశదేశాల వాళ్లు ఇంట్లో కూర్చునే డిటెక్టివులయ్యారు. ఆమె చనిపోయాక కూడా ఆ మాటలు ఆగలేదు.

డెబ్బై ఏళ్లకు పైగా ఇన్ని ఊహలు చేశారు కదా, ఒక్క ఊహైనా ఆయన పేరు చెప్పిందా? చెప్పలేదు. 1949 జూన్‌లో కట్టిన సమాధి మీద 'తెలియని మనిషి' అనే ఉంది.

మరి పేరు ఎలా తెలిసింది?

సమాధి చేయకముందు పోలీసులు ప్లాస్టర్‌తో ఆయన ముఖం, భుజాల అచ్చు తీసి బొమ్మ చేయించారు. ఆ బొమ్మకు ఆయన వెంట్రుకలు కొన్ని అంటుకుని ఉండిపోయాయి. అడిలైడ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు డెరెక్ అబ్బట్, అమెరికాలో వంశవృక్షాలు పరిశోధించే కొలీన్ ఫిట్జ్‌పాట్రిక్ అనే ఆమె కలిసి ఆ వెంట్రుకలను పరీక్ష చేయించారు. వెంట్రుకలో డి.ఎన్.ఎ. ఉంటుంది. అది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే గుర్తు. రక్తసంబంధం ఉన్నవాళ్లలో అది కొంత కలుస్తుంది. అలా దూరపు చుట్టాలు దొరికారు. అక్కణ్ణుంచి పాత రికార్డులు తిరగేశారు. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరిని పెళ్లాడారు, ఎప్పుడు పోయారు అని చూస్తూ సుమారు 4,000 మందితో వంశవృక్షం గీశారు.

అందులో ఒకాయన పుట్టినట్టు రాసి ఉంది. పెళ్లయినట్టు రాసి ఉంది. చనిపోయినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఆయన పేరు కార్ల్ వెబ్.

2022 జూలైలో వాళ్లిద్దరూ ఈ సంగతి ప్రకటించారు. అప్పటికి పోలీసులు ఖరారు చేయలేదు. వాళ్లు తమ పరీక్షల కోసం ఆగారు.

వెబ్ 1905లో మెల్‌బోర్న్ పట్నంలో పుట్టాడు. కరెంటు పరికరాల పని చేసేవాడు. కవిత్వం ఇష్టం. గుర్రప్పందేలు ఇష్టం. 'కీన్' అనేది ఆయన బావ పేరు. ఆ బట్టలు బావగారివే అయి ఉండొచ్చు. 1947లో ఆయన భార్యను విడిచి వెళ్లాడు. 1951లో ఆమె విడాకుల కోసం కోర్టుకెక్కింది. తనను వదిలేసి పోయాడని రాయించింది. అప్పటికి ఆయన మట్టిలో కలిసి రెండేళ్లు దాటింది!

నర్సు కుటుంబానికీ వెబ్‌కూ రక్తసంబంధం కనిపించలేదని అబ్బట్ చెప్పారు. చూశారా? ఇన్నేళ్లు ఆ తల్లీ కొడుకులు మోసిన మాట గాలి మాటే అన్నమాట.

వెబ్ ఎలా చనిపోయాడు? తెలియదు. ఆ తీరానికి ఎందుకు వచ్చాడు? అదీ తెలియదు. భార్యను వెతుక్కుంటూ వచ్చి ఉండొచ్చని అబ్బట్ అన్నారు. అది కూడా ఊహే. తెలియనిదాన్ని తెలియదనడంలో చిన్నతనం లేదు.

అక్కలారా, అన్నలారా! ఆ మనిషికి పేరు తెచ్చింది నాలుగు వెంట్రుకలు, ఎప్పుడో ఎవరో ఓపిగ్గా రాసి దాచిన పుట్టుక కాగితాలు, పెళ్లి కాగితాలు. రాత విలువ అది.

ఇకమీదట ఎవరి చావు గురించైనా, ఎవరి కాపురం గురించైనా 'అట' అని వినబడితే రెండు ప్రశ్నలు అడగండి. ఎవరు చూశారు? ఎక్కడ రాసి ఉంది? జవాబు రాకపోతే ఆ మాట మీ దగ్గరే ఆగిపోవాలి. మీ నోటినుంచి ఇంకో చెవికి పోకూడదు.