పాట వెనుక మనిషి, పాట తర్వాత పని



ఈ సాయంత్రం మనం పాటల గురించి మాట్లాడుకుందాం. తెలుగు క్రైస్తవులకు పాట లేనిదే కూటం లేదు. ఊరు విడిచి మూడు నాలుగు తరాలైంది. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుకున్నాం. మన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. అయినా ఆదివారం కీర్తన తెలుగులోనే పాడుతున్నాం. కొన్ని ఇళ్లలో తెలుగు మిగిలిందంటే అది పాటల పుస్తకం వల్లే మిగిలింది. అందులో పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) వంటి మన భక్తుల కీర్తనలున్నాయి. ఇంగ్లాండు, అమెరికాల నుంచి వచ్చి తెలుగు మాటలు తొడుక్కున్న సువార్త పాటలూ ఉన్నాయి. వాటి రాగాలు మనకు తెలుసు, చరణాలు కంఠస్థం. కానీ రాసినవారు ఎవరు, ఎలా బ్రతికారు అని ఎప్పుడూ అడగలేదు. ఈ రోజు ముగ్గురి గురించి అడుగుదాం.

దానికి ముందు ఒక మాట. ఆమోసు గ్రంథం అయిదవ అధ్యాయం ఇంటికి వెళ్లాక చదవండి. న్యాయం లేని చోట పాడే పాటలు వినడం తనకు ఇష్టం లేదని దేవుడే అక్కడ చెబుతున్నాడు. శ్రుతి తప్పినందుకు కాదు, బీదవాడిని తొక్కిన నోటితో పాడినందుకు. పాటలు పాడే మనందరికీ ఆ అధ్యాయం ఒక హెచ్చరిక.

మొదటివాడు జాన్ న్యూటన్. 'అమేజింగ్ గ్రేస్' రాసింది ఈయనే. 1748లో సముద్రం మీద తుఫానులో చిక్కుకుని దేవునికి మొరపెట్టాడు. ఆ దినాన్నే తన మారుమనస్సుకు మొదలుగా చెప్పుకున్నాడు. మన సాక్ష్యాల్లో కథ సాధారణంగా అక్కడితో ముగుస్తుంది. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో వినండి. ప్రార్థన నేర్చుకున్న న్యూటన్ ఓడ కెప్టెన్ అయి, ఆఫ్రికా మనుషులను సంకెళ్లతో బంధించి అమ్మకానికి తీసుకువెళ్లాడు. 1754లో ఆ పని మానడానికి కారణం మనస్సాక్షి కాదు, అనారోగ్యం. 1764లో ఓల్నీ అనే ఊళ్లో గురువుగా చేరాడు. 1773 నూతన సంవత్సరం ఆరాధన కోసం ఆ పాట రాశాడు. బానిస వ్యాపారం పాపమని బహిరంగంగా ఒప్పుకుంటూ చిన్న పుస్తకం అచ్చువేసింది మాత్రం 1788లో. అంటే మారుమనస్సుకూ ఆ ఒప్పుకోలుకూ మధ్య 40 ఏళ్లు!

న్యూటన్‌ను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆలస్యమైనా సిగ్గు విడిచి ఒప్పుకున్నాడు. ఆ వ్యాపారాన్ని ఆపాలని పార్లమెంటులో పోరాడిన విల్బర్‌ఫోర్స్‌కు అండగా నిలిచాడు. 1807లో చట్టం వచ్చింది, అదే ఏడాది చివర ఆయన కన్నుమూశాడు. మనం అడగవలసింది మనల్ని. రక్షణ పొంది ఎన్నేళ్లయింది? పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఇంకా కులం అడుగుతున్నామా? సమాధుల తోటలో ఇంకా గీతలు గీస్తున్నామా? మన 40 ఏళ్లు ఎప్పుడు పూర్తవుతాయి?

రెండవవారు ఫ్యానీ క్రాస్బీ అమ్మగారు. 1820లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. నెలన్నర పసిగుడ్డుగా ఉన్నప్పుడు కళ్లకు తెలిసీ తెలియని వైద్యం చేయడంతో చూపు పోయిందని వాళ్లింట్లో నమ్మారు. న్యూయార్క్ అంధుల పాఠశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. ఆమె రాసిన సువార్త పాటలు 8,000కు పైనే. ఒకే పేరుతో పుస్తకం నిండిపోతుందని ప్రచురణకర్తలు దాదాపు 200 మారుపేర్లతో అచ్చువేశారు. పాటకు ఆమెకు దక్కింది ఒకటి రెండు డాలర్లు. ఆ పాటలతో పుస్తకాలు అమ్ముకున్నవారు బాగుపడ్డారు, ఆమె మాత్రం మన్‌హట్టన్‌లో పేదల నడుమ అద్దె గదుల్లోనే కాపురమున్నారు. తాగుబోతులకు, ఇల్లు లేనివారికి పరిచర్య చేసే మిషన్లకు వెళ్లి, వాళ్ల పక్కన కూర్చునేవారు. నశించేవారిని రక్షించమని పిలిచే ఆమె పాట 1869 నాటిది. కూలిపని చేసుకునేవాళ్ల కూటంలో ఒక కుర్రవాడు తల్లిని తలచుకుని ముందుకు వచ్చిన రాత్రి, ఇంటికి చేరి, నిద్రపోకముందే ఆ పాట కట్టానని ఆమే చెప్పుకున్నారు. ఆ వీధికి వెళ్లకపోతే ఆ పాట లేదు.

మూడవవారి గురించి చెప్పేముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక సంఘంలో యౌవనస్థుల కూటం పెట్టాం. మన గుడి ఊడ్చి, కుర్చీలు వేసి, గంట కొట్టే పెద్దాయన పేరేమిటని అడిగాం. ముప్ఫైమంది పిల్లల్లో ఒక్కరూ చెప్పలేదు. చివరికి ఒక అమ్మాయి లేచి, "అయ్యగారూ, మీకు తెలుసా?" అంది. మాకూ తెలియదు. ఆయన్ని అందరం 'తాత' అనే పిలిచేవాళ్లం. ఆ రోజు ప్రసంగం చేయడానికి నోరు రాలేదు.

అందుకే చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ గారి జీవితం మమ్మల్ని వదలదు. 1851లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో పుట్టారు. తండ్రి బానిస. చిన్నప్పుడే తల్లి పోయింది. తనంతట తానే చదవడం నేర్చుకున్నారు. ఫిలడెల్ఫియాకు వచ్చి ఇటుకలు మోశారు, ఒక మెథడిస్టు గుడిలో ఊడ్చి తుడిచే పనిలో చేరారు. ఆ పని చేస్తూనే హెబ్రీ, గ్రీకు నేర్చుకుని, గురువుల పరీక్ష గెలిచారు. 1902లో, తాను ఊడ్చిన ఆ సంఘానికే కాపరిగా వచ్చారు. ఆకలితో వచ్చినవారికి అన్నం, దక్షిణాది నుంచి బ్రతుకు వెతుక్కుంటూ వచ్చిన నల్లవారికి నీడ ఆ గుడిలో దొరికాయి. 1933లో ఆయన చనిపోయేనాటికి అది వేలమంది సంఘం.

'నేను ఒకనాడు జయిస్తాను' అనే అర్థం వచ్చే పేరుతో ఆయన ఒక పాట రాశారు. 1945–46లో చార్లెస్టన్ సిగార్ ఫ్యాక్టరీలో సమ్మె చేసిన కార్మికులు, వారిలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు, 'నేను' అన్నచోట 'మనం' అని పాడారు. అదే తర్వాత పౌరహక్కుల ఉద్యమంలో 'వి షల్ ఓవర్‌కమ్' అయింది. దానికి మూలాల్లో టిండ్లీ గారి పాట ఒకటని చాలామంది చరిత్రకారులు చెబుతారు. మన పిల్లలు బడిలో పాడే 'హమ్ హోంగే కామ్‌యాబ్' దాని హిందీ రూపమే. గుడి ఊడ్చిన మనిషి పాట, చూడండి, ఎంత దూరం నడిచి మన పిల్లల నోటికి వచ్చిందో.

తెల్లవారకముందే బెంగళూరు వీధులు ఊడ్చేవారిలో మన తెలుగువారు చాలామంది ఉన్నారు. డ్యూటీ ముగించుకుని అదే అలసటతో ఆరాధనకు వచ్చి వెనుక వరుసలో కూర్చునే అక్కలు మన సంఘాల్లో ఉన్నారు. వారి గొంతుతో పాట కావాలి మనకు. వారి జీతం ఆలస్యమైతే, చేతికి గ్లవ్స్ ఇవ్వకపోతే, వారి పక్షాన మాట్లాడే గొంతు మాత్రం మనలో ఉండదు. ఇది ఆమోసు అడిగిన ప్రశ్నే.

యౌవనస్థులారా, మూడు పనులు చేయండి. కొత్త పాట నేర్చుకుంటే రాసినవారి జీవితమూ తెలుసుకోండి. మీ సంఘంలో పేరు తెలియని పెద్దలు పాడే పాత పాటలు ఫోన్‌లో రికార్డు చేసి, వారి పేరుతో సహా దాచండి. వచ్చే ఆదివారం వెనుక వరుసకు వెళ్లి, ఒకరి పేరు, ఒకరి కష్టం అడగండి. మేమూ ఆ పెద్దాయన దగ్గర మొదలుపెట్టాం. ఆయన పేరు ఇప్పుడు మా సంఘ పిల్లలందరికీ తెలుసు.

'నేను' అని మొదలైన మన పాటను 'మనం' అని పాడే కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.