రెండో అంకె



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీతో 1969 నాటి రాష్ట్రపతి ఎన్నిక గురించి మాట్లాడాలనిపించింది. జాకీర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే కన్నుమూశారు. కాంగ్రెస్ అధికారికంగా నీలం సంజీవరెడ్డి గారిని నిలబెట్టింది. వి.వి.గిరి గారు స్వతంత్రుడిగా బరిలో దిగారు. ఇద్దరూ తెలుగువారే. సొంత పార్టీ అభ్యర్థి పోటీలో ఉండగానే, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమని ప్రధాని ఇందిరా గాంధీ పిలుపునిచ్చారు.

ఆగస్టు 20న లెక్కింపు. గెలవాలంటే 4,18,169 విలువైన ఓట్లు రావాలి. మొదటి ప్రాధాన్యంలో, అంటే పేరు పక్కన 1 అంకె పడిన ఓట్లలో, గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, మరో అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరూ గెలవలేదు. వెనకబడినవారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ, వారి బ్యాలెట్లలో తర్వాతి అంకె ఎవరి పేరు పక్కన ఉందో చూశారు. అలా బదిలీ అయినవాటిలో సింహభాగం, దాదాపు 92 వేలు, సంజీవరెడ్డికే చేరింది. గిరికి దక్కింది 18,562. ఆ కాస్తతోనే ఆయన 4,20,077కు చేరి రాష్ట్రపతి అయ్యారు.

ఇందిర పిలుపు వెనుక పార్టీలో ఆధిపత్య పోరు ఉందన్నది కాదనలేని మాట. ఆ ఏడాదే కాంగ్రెస్ రెండుగా చీలింది. అయినా ఆ ఎన్నిక నాకెంతో విలువైనది. రాష్ట్రపతి ఎన్నికలో విప్ చెల్లదు, ఓటు రహస్యం. పార్టీ చెప్పిన పేరును పక్కనపెట్టి ఎంతోమంది ఎంపీలు, ఎమ్మెల్యేలు తామే ఆలోచించుకుని అంకె వేశారు. ఓడిన సంజీవరెడ్డి గారిని 1977లో నంద్యాల ఓటర్లు లోక్‌సభకు పంపారు. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో జనతా పార్టీ గెలిచింది అదొక్కటే. కొద్ది నెలలకే ఆయన ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

1969లో వారు అంకెలు వేసినలాంటి బ్యాలెట్టే రేపు మీ చేతికీ వస్తుంది. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలోనూ అంకెలే వేయాలి. కానీ ప్రతిసారీ వేల ఓట్లు చెల్లకుండా పోతున్నాయి. అంకె వేయాల్సిన చోట టిక్కు పెట్టేవారు, సంతకం చేసేవారు, ఇద్దరి పక్కనా 1 వేసేవారు, అందరూ డిగ్రీలున్నవారే! ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

పట్టా వచ్చి మూడేళ్లు నిండాక, ఈ ఎన్నికకు ఓటరుగా నమోదు కావడానికి ఫారం-18 నింపండి. ఆ ఓటరు జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారుచేస్తారు కాబట్టి ప్రతిసారీ నింపండి. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే అంకె వేయండి. 1 వేసి ఆగిపోకండి, రెండో అంకె ఎవరికో ఇంటి దగ్గరే ఆలోచించుకుని వెళ్లండి.